తవిటమ్మ మొలలోతు

ఆదివారం. గాలి లేదు.

పెట్టె చూసుకునేవాళ్ళు ఏరోజుకారోజు ఇలా రాసిపెట్టాలని ఆస్పత్రి పడవలు పంపే కొండమీదివాళ్ళ నియమం. నాకు ముందు చూసుకున్నాయన ఒక్క ముక్క రాయకుండా పోయాడు. పెట్టెకి ఎండ తగలకూడదని, చీమలు దూరతాయని, ఉప్పుగాలికి తీగలు పచ్చగా చిలుముపట్టి తెగిపోతాయని ఒక్కోటీ ఏడ్చుకుంటూ నేర్చుకున్నాను. నా తరవాత వచ్చేవాళ్ళు ఏడవకూడదని రాస్తున్నాను. అయిదో తరగతి దాటలేదు నేను. తప్పులుంటే సర్దుకోండి.

పెట్టె తుపాను షెల్టరు పైగదిలో ఉంది. ఎంత పెద్ద పోటు వచ్చినా నీళ్ళు అక్కడికి రావు. పొద్దున లేవగానే మెట్లెక్కి, సోలారు పలకల మీద పిట్టల రెట్టలు తుడుస్తాను. పెట్టె బల్ల కాళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు నింపుతాను, చీమలు ఎక్కకుండా. తరవాత పెట్టె వీపు మీద చెయ్యి వేసి చూస్తాను, జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టు. వేడిగా ఉంటే తడిగుడ్డ కిటికీకి కట్టండి, పెట్టెకి కాదు. పెట్టెకి కడితే ఏమవుతుందో ఒకసారి చూశాను.

చుట్టూ నీళ్ళున్న మా జీడిమెట్ట పేజీ ఆ పెట్టెలోనే ఉంటుంది, ఎవరైనా ఫోనులో తెరవచ్చు. నిన్నటిదాకా పేజీలో ఒకటే ముక్క, రేవులో ఇవాళ లోతెంత అని. దాన్ని నా తోటికోడలు తవిటమ్మ కొలుస్తుంది. పాటు వేళ సముద్రం నీళ్ళు పూర్తిగా లాగేశాక, పడవలు లోపలికొచ్చే రేవు మొగలో ఉన్న ఇసక దిబ్బ మీదికి నడిచి వెళ్ళి, సూదులు గుచ్చే ఎడం చెయ్యి తడవకుండా పైకెత్తి పట్టుకుని నిలబడుతుంది. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఒడ్డున ఉన్న నాకు అరిచి చెబుతుంది. మోకాలు, తొడ, మొల, రొమ్ము. నేను పైకెక్కి అదే రాస్తాను. చిన్న పడవలకి తొడలోతు చాలు. ఆస్పత్రి పడవకి రొమ్ములోతు ఉండాలి. చుట్టుపక్కల పడవవాళ్ళందరికీ తవిటమ్మ మొలంటే ఎంతో తెలుసు. ఒడ్డూ పొడుగూ మనిషి.

ఆ చేతికి సూదులెందుకంటే ఆవిడకి కిడ్నీలు రెండూ పోయాయి. ఆదివారం, గురువారం ఆస్పత్రి పడవ వస్తుంది. అందులో రక్తం కడిగే మిషన్లున్నాయి. పడవ ఏ మెట్టకి వెళ్ళాలో కొండమీద ఉన్న దారిమిషను చెబుతుంది. అది రోజూ అన్ని మెట్టల పేజీలూ తిరగేస్తుంది. ఏ పేజీని బయటివాళ్ళు చూస్తున్నారో ఆ మెట్టలో మనుషులున్నట్టు. ఎవరూ చూడకపోతే జనం వదిలేసి పోయినట్టు. మొదట్లో పడవలు నూనె కాల్చుకుని ఖాళీ మెట్టలకి వెళ్ళి ఉత్తచేతులతో వచ్చేవి, అందుకని ఈ పద్ధతి పెట్టారు. పేజీని ఎంతమంది చూశారో పెట్టె మీది చిన్న అద్దంలో అంకె పడుతుంది. మేం దాన్ని చూపులు అంటాం.

చూపులు లేకపోతే పడవ లేదు. పడవ లేకపోతే తవిటమ్మ లేదు. ముసల్దానికి ఎప్పుడూ ఏదో గాబరా అని నన్ను చూసి నవ్వేవాళ్ళు ఇది చదువుకోండి.

ఇవాళ పేజీల మేస్త్రి కూర్మారావు వచ్చి పేజీని కొత్తగా కట్టి వెళ్ళాడు. మా మెట్ట పెద్ద గవరయ్య పిలిపించాడు. పక్క మెట్ట వాళ్ళ పేజీ పెళ్ళిపందిరిలా ఉందట, మనది మాత్రం బోసిగా ఉందట. ఇప్పుడు మన పేజీ తెరిస్తే ముందు అమ్మవారు, చుట్టూ తిరిగే దీపాలు, పాట. దాని కింద పెద్దల ఫొటోలు, శుభలేఖలో వేసినట్టు వరసగా. ఎవరి ఫొటో ముందుండాలని సగం పూట కొట్టుకున్నారు. గవరయ్య మీసమే ముందొచ్చింది.

"గుమ్మానికి తోరణం లేకపోతే గడప ఎవరు తొక్కుతారు పెద్దమ్మా?" అన్నాడు కూర్మారావు నాతో.

"మరి నా మొల ఎక్కడెట్టినావు బాబూ?" అంది తవిటమ్మ.

"అట్టడుగున ఉందమ్మా. అందరి కింద."

"బాగుంది. పైన ఆల్ల మీసాలు, కింద నా మొలాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పేజీ నిజంగా బాగుంది. ఇంత బాగున్నది నా చేతిలో పాడైపోతుందేమోనని అప్పుడే గాబరా మొదలైంది.

గురువారం. తూర్పుగాలి.

చూపులు తగ్గాయి.

మొదట పెట్టెకే ఏదో అయిందనుకున్నాను. తీగలన్నీ పీకి, పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ గుచ్చాను. ఒక తీగ ఎక్కడిదో మర్చిపోయి సగంరోజు పేజీయే లేకుండా చేశాను. పీకే ముందు ప్రతి తీగకీ ఒక రంగు దారం కట్టుకోండి. నేను ఇప్పుడు కట్టాను.

ఆస్పత్రి పడవ వచ్చింది. తవిటమ్మ లోపల పడుకుంటే నేను బయట మెట్టు మీద కూర్చున్నాను. నర్సు ఎస్తేరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అసిరమ్మగారూ, మీ మెట్ట పేరు జాబితాలో కిందకి జారిందండి. ఏమైనా అయిందా?" అంది.

"ఏం కాలేదమ్మా. పేజీ కొత్తగా కట్టించాం. అమ్మవారిని కూడా పెట్టాం."

"అమ్మవారు మంచిదే. బయటోళ్ళు చూడట్లేదండి. ఇంకా జారితే మా చేతుల్లో ఉండదు."

తవిటమ్మకి చెప్పలేదు. ముఖం చూసి తనే కనిపెట్టింది.

"ఏటే అప్పా, మళ్ళీ ఏ కొంప ములిగింది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే పమిట కొస ఎందుకు నములుతున్నావు?"

శనివారం. ఉక్కపోత.

ఒక ఆలోచన వచ్చింది. ఎవరినీ అడక్కుండా చేసేశాను.

నిన్న ఇంటింటికీ తిరిగాను. పొద్దున దీపం పెట్టుకుని దండం పెట్టుకున్నాక, ఆ చేత్తోనే ఫోను తీసి మన పేజీ ఒకసారి తెరవండి, అమ్మవారు కూడా కనబడుతుంది కదా అన్నాను. తవిటమ్మ కోసమని చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆడవాళ్ళందరూ సరేనన్నారు. ఇవాళ పొద్దున మెట్లెక్కి చూద్దును కదా, అంకె పొంగిన పాలలా ఉంది.

గవరయ్య అయితే తన మీసం చూసుకోవడానికి రోజుకి నాలుగుసార్లు తెరుస్తున్నాడట.

ఎంత తేలికగా అయిపోయింది అనుకున్నాను. తేలికగా అయిన పని చూస్తే నాకు భయం. అన్నం మెతుకు పట్టి చూసినట్టు ఆ అంకెని మళ్ళీ మళ్ళీ ఎక్కి చూసి వచ్చాను. మోకాళ్ళు పట్టేశాయి.

మంగళవారం. చిన్న వాన.

దానేసు వచ్చాడు. పసుపు పడవ మీద ఉప్పుచేప, బెల్లం వేసుకుని మెట్టలు తిరుగుతుంటాడు. ఇవాళ సరుకుతో రాలేదు, కోపంతో వచ్చాడు. మొగలోనే పడవ ఇసకలో కూరుకుపోయిందట. దిగి, బురదలో నడిచి, తడిబట్టలతో షెల్టరు ముందు నిలబడి అరిచాడు.

"ఎవరమ్మా ఇక్కడ పేజీ సూసేది? లోతెంతో సూద్దారని తెరిస్తే ముందు దీపాలు తిరుగుతాయి, తిరుగుతాయి, తిరుగుతూనే ఉంటాయి! నా ఫోనుకేటి అంత ఓపిక? పాట ఒచ్చింది. పాటయ్యాక మీసాలాయన వచ్చినాడు. ఆ మీసం దిగేసరికి నాను దిబ్బెక్కీసినాను!"

తవిటమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"కళ్ళు నెత్తి మీద పెట్టుకుని పడవ నడిపితే దిబ్బెక్కవేటి, కొండెక్కుతావు. ఇన్నాల్ల నుంచి ఈ మొగలో తిరుగుతున్నావు. నీళ్ళ రంగు సూసి సెప్పలేవురా?"

"నీ మొల సూసి సెప్పడం అలవాటైపోనాది మామ్మా. నీ మొల ఇప్పుడు ఎవడిక్కావాలన్నా దొరకట్లేదు. నాను కాదు, ఎవరూ సూడట్లేదు. అందరం మానేశాం."

మేం పోటు వచ్చేదాకా కూర్చోబెట్టి గంజి పోశాం. వెళ్తూ కూడా సణుక్కుంటూనే వెళ్ళాడు.

అప్పుడు నాకు అర్థమైంది. రాసిపెడుతున్నాను, గుర్తుంచుకోండి. పేజీకి వచ్చేవాడు ఎందుకు వస్తున్నాడో అదే ముందు పెట్టాలి. పడవవాడు ఎండలో, ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, పగిలిన ఫోను మీద చూస్తాడు. వాడికి నల్లటి అక్షరాలు, తెల్లటి నేల, పెద్దవిగా, ఒక్క ముక్క. మన ముచ్చట మనింట్లో తీర్చుకోవాలి.

రేపు కూర్మారావుకి కబురు పెట్టాలి.

గురువారం. పోటు పెద్దది.

పడవ రాలేదు.

పొద్దుటి నుంచి రేవులో కూర్చున్నాం, దుప్పటి, మంచినీళ్ళ సీసా, ఆవిడ నమిలే ఏలక్కాయలు అన్నీ సర్దుకుని. దూరంగా తెల్ల పడవ కనబడింది. మా మొగ ముందునుంచే వెళ్ళిపోయింది. తవిటమ్మ చెయ్యి ఊపింది. ఎవరో లోపలినుంచి తిరిగి ఊపారు కూడా.

మెట్లెక్కి చూస్తే పెట్టె అద్దంలో ఎర్ర అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. జీడిమెట్ట పేజీకి దొంగచూపులు. పేరు కొట్టివేయబడింది.

దొంగ అన్న మాట మా ఇంట్లో ఎవరి మీదా పడలేదు ఇప్పటిదాకా.

శుక్రవారం. వాన లేదు, మబ్బు ఉంది.

కూర్మారావు వచ్చాడు. ఎర్ర అక్షరాలు చూసి నెత్తి పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, నిజం చెప్పు. ఊరందరిచేతా తెరిపించావా?"

"దండం పెట్టుకుని ఒకసారి చూడమన్నాను బాబూ. తప్పా?"

"అన్ని చూపులూ ఒకటే టవరు నుంచి, ఒకటే వేళకి పడితే మిషను ఏమనుకుంటుంది? ఎవడో ఖాళీ మెట్టలో కూర్చుని ఆటాడిస్తున్నాడనుకుంటుంది. కావలసింది బయటి చూపులమ్మా. మనింటికి చుట్టాలొచ్చారా అంటే మన పిల్లల్నే లెక్కపెడితే ఎలా?"

అక్కడే నేల మీద కూర్చున్నాను. నేను చేసిన మేలు ఇది. తవిటమ్మ బతకాలని చేసింది ఆవిడ పేరే కొట్టించేసింది.

"వేరే మెట్టకి తీసుకెళ్ళి పడవ ఎక్కిస్తేనో?" అని అడిగాను.

"జాబితాలో ఉన్న మెట్టల వాళ్ళకే మంచం. ఉన్న మిషన్లే తక్కువ. ఎస్తేరమ్మకి జాలి ఉన్నా తాళం ఆవిడ దగ్గర లేదు." కాసేపు గోళ్ళు చూసుకుని, "తోరణం తప్పు నాదే. కొట్టేసిన పేర్లని మిషను బుధవారం మళ్ళీ చూస్తుంది. ఈలోగా బయటి పడవల చూపులు పడితే పేరు ఎక్కిస్తుంది" అన్నాడు.

ఇద్దరం కూర్చుని అన్నీ తీసేశాం. అమ్మవారికి దండం పెట్టి తీశాం. దీపాలు, పాట, ఫొటోలు. కింద గవరయ్య కేకలు. నా ఫొటో తియ్యడానికి ఆ ముసల్దెవరు అని. చివరికి తెల్లటి నేల మీద ఒకటే ముక్క మిగిలింది.

ఇంకో రెండు పనులు చెప్పాడు, చేశాం. మన పేజీకి ఒక నకలు తీసుకెళ్ళి తన మెట్ట పెట్టెలో పెట్టాడు. ఒక్క పెట్టెనే నమ్ముకుంటే అది తుమ్మినప్పుడల్లా మెట్ట మాయమవుతుందట. రెండోది, తన పేజీలో, జీడిమెట్ట లోతు కావాలంటే ఇటు వెళ్ళండి అని దారి రాసుకున్నాడు. పేరు కొట్టేసి దారిమిషను మన పేజీని దాచేసినా తెలిసినవాళ్ళు ఇలా రావచ్చు. పొరుగువాడి గోడ మీద మన పేరుంటే నాలుగు కళ్ళు పడతాయి. అడగడానికి సిగ్గుపడకండి. నేను సిగ్గుపడి ఇన్నాళ్ళు అడగలేదు.

ఆదివారం. ఎండ.

మళ్ళీ పడవ రాలేదు. తవిటమ్మ పాదాలు పొంగాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. నీళ్ళు గుక్కెడు గుక్కెడు కొలిచి ఇస్తున్నాను. అన్నం తినదు. నాలుక మీద ఇనుపరుచి అంటుంది.

అయినా పాటు వేళకి కర్ర పట్టుకుని మొగలోకి వెళ్ళింది. వద్దంటే వినదు.

"నాను పోకపోతే నువ్వెల్తావేటి? చెంబులో నీళ్ళు సూసినా కళ్ళు తిరుగుతాయి నీకు."

చూపులు రెండు. అందులో ఒకటి కూర్మారావుదే అయి ఉంటుంది.

సోమవారం. దక్షిణపు గాలి.

ఇవాళ చేసిన పనికి నాలుక కరుచుకున్నాను.

దిబ్బ మీద నిలబడి తవిటమ్మ అరిచి చెబుతుంటే నేను ఫోనులో ఎక్కించుకున్నాను. గాలి నా వైపుకి వీస్తోంది కాబట్టి అన్నీ బాగా వినబడ్డాయి. ఒక్క మాట కూడా తప్పు పోకూడదని, విన్నది విన్నట్టు రాసి పేజీలో పెట్టేశాను. ఇంటికొచ్చాక తవిటమ్మకి చదివి వినిపించాను.

"మొలలోతు. దిబ్బ ఎడమపక్కకి జరిగింది. కుడిపక్కనుంచి రండి. ఒరే దానేసూ, నీకే సెప్తున్నాను, పచ్చగా ఉంటే లోతు, గోధుమరంగుంటే దిబ్బ, నీ మొహంలాగ. మళ్ళీ దిబ్బెక్కినావంటే నీ పడవ ఇరిసి పొయ్యిలో ఎట్టి నీకే గంజి కాస్తాను."

తవిటమ్మ నోరు తెరిచింది. "ఓలమ్మో! అదంతా రాసీసినావేటే?"

"నువ్వు చెప్పావు కదా."

"లోతు నీకు చెప్పినాను. తిట్టు గాలికి తిట్టుకున్నాను!"

తీసేద్దామని లేచాను. మోకాళ్ళు సహకరించలేదు. రెండు మెట్లెక్కి కూర్చుండిపోయాను. రేపు పొద్దున తీద్దాం అనుకున్నాను. దానేసు చూస్తే మా మొహం చూడడు ఇంక.

మంగళవారం. అదే గాలి.

తీసేద్దామని వెళ్ళాను. అద్దంలో పొంగిన అంకె చూసి మళ్ళీ అదే భయం పట్టుకుంది, ఎవరు తెరిపించారు, మళ్ళీ దొంగచూపులేనా అని. కూర్మారావుకి ఫోను చేశాను.

వాడు నవ్వుతూనే ఉన్నాడు ఎంతసేపటికీ. "దొంగవి కాదు పెద్దమ్మా. అన్నీ వేరువేరు పడవలు. దానేసు అందరికీ చూపిస్తున్నాడట, నన్ను తిట్టింది చూడండిరా అని. మిగతావాళ్ళు మమ్మల్నెందుకు తిట్టలేదని అడుగుతున్నారు. లోతు ముందు పెట్టు, తిట్టు వెనక పెట్టు. రోజూ ఉండాలి. మానకు."

తవిటమ్మతో చెప్పాను. మంచం మీదినుంచి లేవకుండానే, "ఆల్లకి తిట్టేవోల్లు కూడా కరువైపోనారన్నమాట" అంది. ఇవాళ ఇద్దరు పిల్లలు చెరో రెక్కా పట్టుకుంటే మొగలోకి వెళ్ళింది. ఐసుపడవవాళ్ళని తిట్టింది. తిడుతూ తిడుతూ ఆయాసంతో ఆగిపోయింది. ఆగినంతవరకే రాశాను.

బుధవారం. గాలి తిరిగింది.

పేరు ఎక్కింది. జీడిమెట్టలో మనుషులున్నారు అని వచ్చింది. రేపు పడవ వస్తుంది.

నాకు సంతోషం రాలేదు. ఉత్తరపుగాలి కొడుతోంది. ఈ గాలికి దిబ్బ పెరుగుతుంది.

గురువారం.

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

తవిటమ్మ లేవలేకపోయింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, గోడకి చేరేసి కూర్చోబెట్టాం. మా పడవలన్నీ తెల్లారకముందే వేటకి పోయాయి. పాటు లాగేస్తోంది. లోతు ఎవరో కొలవాలి. పిల్లల్ని పంపితే వాళ్ళ మొల ఎవరికి తెలుసు?

చీర బిగించి నేనే దిగాను.

నీళ్ళంటే నాకెంత భయమో రాయలేను. కర్ర ముందు పొడిచి, దాని వెనక ఒక కాలు. ఇసక కాళ్ళ కింద కదిలిపోతోంది. దిబ్బ మీదికి వచ్చి నిలబడ్డాను. చూసుకుంటే నీళ్ళు రొమ్ముదాకా ఉన్నాయి.

ఒడ్డునుంచి గవరయ్య చూశాడు. "రొమ్ములోతు! రొమ్ములోతుంది! బేగి రాసీ అప్పా, పడవొచ్చేస్తాది!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఒడ్డుకొచ్చాను. తవిటమ్మ పక్కన నిలబడితే నా తల ఆవిడ భుజానికి కూడా రాదు. నా రొమ్ము ఆవిడ మొల.

"ఏటి నసుగుతున్నావు?" అన్నాడు గవరయ్య. "అబద్ధమేటి అందులో? నీ రొమ్ముదాకా వచ్చిందా లేదా? అందరం సూసినాం. తవిటమ్మ బతకాలా అక్కర్లేదా?"

"పడవవాళ్ళకి తెలిసింది ఆవిడ రొమ్ము, నాది కాదు."

"ఆల్లకెలా తెలుస్తాది నువ్వు కొలిచినావని?"

తెలియదు. అదే నా భయం. తెలిస్తే బాగుండును.

మెట్లెక్కాను. పెట్టె ముందు కూర్చున్నాను. రొమ్ములోతు అని రాశాను. పంపే బొత్తాం మీద వేలు పెట్టాను. ఆ పడవలో ఎప్పుడూ పదిమంది పడుకుని ఉంటారు, చేతుల్లో సూదులతో, రక్తం సగం లోపలా సగం మిషన్లోనూ. పడవ దిబ్బెక్కి ఒరిగితే? తవిటమ్మ కోసం ఎవరెవరి తోటికోడళ్ళనో నేను చంపుకోనా? కానీ కింద గోడకి చేరబడి ఉన్నది నా తోటికోడలు. ఒకే ఏడాది ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. ఆవిడ ఊపిరి చప్పుడు పైదాకా వినబడుతోంది.

చెరిపేశాను. ఇలా రాశాను.

"ఇవాళ కొలిచింది తవిటమ్మ కాదు. అసిరమ్మని, నేను కొలిచాను. నేను పొట్టిదాన్ని. నాకు రొమ్ములోతు, ఆవిడకి మొలలోతు. ఆస్పత్రి పడవ లోపలికి రావద్దు. మా పడవలు వేటకి పోయాయి. దగ్గరలో చిన్న పడవ ఎవరైనా ఉంటే రండి. తవిటమ్మని మొగ దాటించాలి."

కిందకి దిగి తవిటమ్మ పక్కన కూర్చున్నాను. చేసింది చెప్పాను. ముఖం చూడలేక కాళ్ళు పట్టుకున్నాను.

"నా మొల... నీ రొమ్ము చెయ్యలేదు కదా?"

"లేదే తవిటీ."

"సరే," అంది. కళ్ళు మూసుకుంది.

గవరయ్య విసవిసా వెళ్ళిపోయాడు.

తెల్ల పడవ వచ్చింది. మొగ బయటే ఆగింది. ఎస్తేరమ్మ ఫోనులో, "చదివామండి. చెప్పి మంచిపని చేశారు. పోటుదాకా ఆగలేం, ఇంకో మూడు మెట్టలున్నాయి. కొంచెంసేపు ఉంటాం" అంది. రేవు ముందు తెల్ల పడవ తప్ప ఇంకేమీ లేదు. ఒడ్డున ఉన్నవాళ్ళు తలుపు ఊడదీసి, దానిమీద తవిటమ్మని మోసుకెళ్దామంటున్నారు. అలలు దిబ్బ మీద విరుగుతున్నాయి. తలుపు తిరగబడితే?

దక్షిణం వైపునుంచి పసుపు పడవ వచ్చింది. ఒక్కటే.

దానేసు రేవులోకి దూకి పరిగెత్తాడు. "ఏమైనాది? పేజీ తెరిస్తే ఇవాళ తిట్టు లేదు. తిట్టు లేకపోయేసరికి గాబరా ఏసింది. తరవాత సదివినాను."

"లోపలికెలా వచ్చావు బాబూ? దిబ్బ..."

"కుడిపక్కనుంచి. పచ్చటి నీళ్ళు సూసుకుని." తవిటమ్మని చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకున్నాడు. "నీ బరువు కూడా రాయాల్సింది మామ్మా పేజీలో!"

తవిటమ్మ కళ్ళు తెరిచింది. పెదాలు కదిలాయి. ఒంగి విన్నాడు. నవ్వాడు. ఏం తిట్టిందో నాకు వినబడలేదు.

నేను పడవ అంచు పట్టుకున్నాను ఎక్కడానికి. తవిటమ్మ చూపుడువేలు లేచింది, షెల్టరు వైపు. పోటు తిరిగాక అందరూ ఇళ్ళకి వస్తారు. ఐసుపడవలు, మా వేటపడవలు, దానేసు కూడా తిరిగి రావాలి. దిబ్బ ఏ పక్కకి పెరిగిందో చెప్పేవాళ్ళుండాలి.

వదిలేశాను. ఇంక మరో ఆలోచన రానివ్వలేదు.

పసుపు పడవ దిబ్బ పక్కగా ఎగిరెగిరి పడుతూ వెళ్ళింది. తెల్ల పడవ దగ్గర కాసేపు ఆగింది. ఎవరో ఎవరినో పైకందుకున్నట్టు కనబడింది. నా కళ్ళకి అంతవరకే ఆనుతుంది. తెల్ల పడవ కదిలింది. పసుపు పడవ కూడా దాని వెంటే పోయింది. ఫోను మోగలేదు ఇంకా.

మళ్ళీ దిబ్బ మీదికి దిగి కొలిచి వచ్చి, మెట్లెక్కాను. సాయంత్రం పడవవాళ్ళ కోసం పేజీ మార్చాలి. అద్దంలో అంకె ఎప్పుడూ లేనంత ఉంది. ఇంతమంది చూస్తున్నారు, ఎవరికీ తవిటమ్మ ఎలా ఉందో తెలియదు, నాకూ తెలియదు. లోతు రాశాను, దిబ్బ ఎటుందో రాశాను. తిట్టు వెనక పెట్టాలి. మానకూడదు. ఈ వయసొచ్చేదాకా ఎవరినీ ఒక్క మాట అని ఎరగను. చాలాసేపు కూర్చుని ఇలా రాశాను.

"అసిరమ్మ మొలలోతు, తవిటమ్మకి తొడ. పోటు ఎక్కుతోంది. కుడిపక్కనుంచి రండి. ఒరే దానేసూ, మా తవిటమ్మని తిరిగి తీసుకురాకపోయావంటే"

తరవాత ఏమనాలో తోచలేదు. అలాగే పంపాను.